కటింగ్‌కి వెళ్లే ముందు జుట్టు ఎలా ఉండాలి? తలస్నానం చేసి వెళ్లాలా, అక్కడే కడిగించుకోవాలా?

నీలిమేఘం:
ఆదివారం పొద్దున కటింగ్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. జుట్టు నడుము దాకా ఉంది, భుజాల కింద వరకు తగ్గిద్దామని. కొద్దిగా అలలు అలలుగా ఉండే జుట్టు, కొసలు బాగా చిట్లిపోయాయి, రోజంతా పోనీటెయిల్‌లోనే ఉంటుంది. సెలూన్‌కి వెళ్లి చాలా కాలమైంది, అందుకే టెన్షన్. ఇంట్లో ఒకరేమో శుభ్రంగా తలస్నానం చేసి వెళ్లమంటున్నారు, ఇంకొకరు ఎలాగూ వాళ్లే కడుగుతారు కదా మాసిన తలతోనే వెళ్లమంటున్నారు, మూడో మనిషి ముందు రాత్రి నూనె పట్టిస్తే కొసలు మెత్తబడి కటింగ్ బాగా కుదురుతుందంటున్నారు. ఏది నిజమో తేల్చండి. కంగారులో ఇంకేమైనా మర్చిపోతున్నానేమో అది కూడా చెప్పండి.

కత్తెరమేళం:
నేను చేసే పనే ఇది కాబట్టి సూటిగా చెప్తాను. నూనె మాత్రం వద్దండి.

ఎందుకంటే, కటింగ్ చేసేటప్పుడు ఒక పాయ తీసి, దువ్వెనతో కిందిదాకా దువ్వి, రెండు వేళ్ల మధ్య బిగించి పట్టుకుని కొస కత్తిరిస్తాం. జుట్టు శుభ్రంగా ఉంటే వేళ్ల మధ్య వెంట్రుకలు పలుచటి గుడ్డలా పరుచుకుంటాయి, ఏది పొడుగో ఏది పొట్టో కళ్లకి కనిపిస్తుంది. నూనె ఉంటే పరుచుకోవు, నాలుగైదు తాళ్లలా అతుక్కుంటాయి, కత్తెర వేయగానే వాటిల్లో కొన్ని జారి పక్కకి తప్పుకుంటాయి. అప్పటికి గీత గీసినట్టే ఉంటుంది. మీరు ఇంటికెళ్లి తలస్నానం చేసి ఆరబెట్టాక చూస్తే అక్కడొకటి ఇక్కడొకటి పొడుగ్గా వేలాడుతుంటాయి. అప్పుడు తిట్లు మాకు.

నూనె పెట్టుకోవాలనిపిస్తే రెండు మూడు రోజుల ముందు పెట్టుకుని, షాంపూతో పూర్తిగా వదిలించేయండి. అన్నట్టు చిట్లిన కొసని నూనె అతికించదు, కాసేపు అణిచిపెట్టి కనపడకుండా చేస్తుందంతే. కొసలు ఎంత పైదాకా చిట్లాయో మాకు కనిపించాలి, లేకపోతే ఎక్కడిదాకా తీయాలో ఎలా తెలుస్తుంది?

తలస్నానం ముందు రోజు చేస్తే చాలు. జిడ్డు తల అయితే అదే రోజు చేయండి. పూర్తిగా ఆరనిచ్చి, చిక్కు తీసి, వదిలేసి రండి. రబ్బర్ బ్యాండ్ వద్దు.

రాత్రిడ్యూటీ:
ఇదెక్కడి గోల. డబ్బులిచ్చేది వాళ్లకి, వాళ్లే కడుగుతారు, మళ్లీ ఇంట్లో కడుక్కుని వెళ్లడమెందుకు? హోటల్‌కి భోంచేసి వెళ్లినట్టుంది.

కత్తెరమేళం:
కడిగి కత్తిరించే చోట అయితే మీరన్నది నిజమే, కడుక్కోకుండా వచ్చినా మేం ఏమీ అనుకోం. కాకపోతే చాలాచోట్ల నీళ్లు స్ప్రే చేసి తడిపి కత్తిరిస్తారంతే. జెల్, సెరం, డ్రై షాంపూ ఉన్న తల మీద నీళ్లు కొడితే ముద్దవుతుంది, కడిగినట్టు కాదు. డ్రై షాంపూ అంటే చాలావరకు పిండి పొడే, తడి తగిలితే మీరే ఊహించుకోండి. అందుకే అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఒక్కమాట అడగండి: కడిగి చేస్తారా, తడిపి చేస్తారా, పొడి జుట్టు మీదే చేస్తారా. ఆ జవాబుని బట్టి సగం అనుమానాలు తీరిపోతాయి.

ఇంకో సంగతి. కడిగేముందు మీ జుట్టు ఎలా పడుతుందో మేం చూడాలి. పాపిడి ఎటు పోతోంది, ఎక్కడ ఉబ్బుతోంది, ఎక్కడ అణిగిపోతోంది, ఇవన్నీ పొడిగా ఉన్నప్పుడే తెలుస్తాయి. జుట్టంతా ముద్దగా ఉంటే ఆ రెండు నిమిషాల పరిశీలన వృథా.

ఉంగరాలరాణి:
పోనీటెయిల్ గురించి ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు గానీ అది చాలా పెద్ద విషయం నీలిమేఘం గారూ. రబ్బర్ బ్యాండ్ వేసినచోట జుట్టు మీద గాడి పడుతుంది, కుదుళ్ల దగ్గర వెనక్కి లాగినట్టు పడుకుని ఉంటుంది. ఆ తలని చూసి ముందు జుట్టు ఎంత ఉంచాలో లెక్క వేస్తే తప్పుతుంది. మీకు అలలున్నాయి కాబట్టి శనివారం తలస్నానం చేసి రాత్రికి వదులుగా వదిలేయండి, లేదా మరీ వదులు జడ వేసుకుని ఆదివారం పొద్దున్నే విప్పేయండి.

నాలాగా బాగా ఉంగరాల జుట్టున్నవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. తడిపి లాగి కత్తిరిస్తే ఆరాక ఎంత పైకి ముడుచుకుంటుందో ఎవరూ చెప్పలేరు, తల వెనక ఒకలా, చెవుల దగ్గర ఒకలా ముడుచుకుంటుంది. అందుకే నేను ఎప్పుడూ ఉంగరాలు రోజూ ఎలా ఉంటాయో అలా ఆరబెట్టుకుని, చిక్కు లేకుండా, క్రీమ్ ఏమీ ఎక్కువ రాయకుండా వెళ్లి, పొడి మీదే కత్తిరించమంటాను. స్ట్రెయిటెనింగ్ చేసుకుని మాత్రం వెళ్లొద్దు. ఆ రోజు అందంగా ఉంటుందని ఐరన్ చేసుకుని వెళ్తారు కొందరు, ఆ కటింగ్ ఐరన్ చేసిన తలకి సరిపోతుంది, మరుసటి రోజు తలకి కాదు.

పుస్తకంపురుగు:
దీని వెనక సైన్స్ కూడా ఉంది, ఆసక్తి ఉన్నవాళ్లకి. వెంట్రుక అంటే కెరటిన్ అనే ప్రొటీన్. లోపల హైడ్రోజన్ బంధాలు చాలా ఉంటాయి, నీళ్లు తగలగానే అవి విడిపోతాయి, ఆరేటప్పుడు వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్లీ ముడిపడతాయి. తడి జడ విప్పితే అలలు పడేది ఇందుకే, రబ్బర్ బ్యాండ్ గాడి దువ్వినా పోకుండా తడిపితే పోయేది కూడా ఇందుకే. తడి వెంట్రుకని లాగితే దాని పొడవులో సుమారు 30 శాతం దాకా సాగుతుంది. అంటే తడి జుట్టుని బిగించి పట్టుకుని "ఇంతే తీస్తున్నా" అని చూపించిన కొలత, ఆరాక అద్దంలో కనిపించే కొలత ఒకటి కావు. తల తడిగా ఉన్నప్పుడు గబగబా చిక్కు తీస్తే ఎక్కువ తెగేదీ అందుకే.

రాత్రిడ్యూటీ:
సరే ఇవన్నీ పొడుగు జుట్టు వాళ్లకి. మాలాంటి క్రాపు వాళ్లకి ఇవేమీ అక్కర్లేదు కదా. వెళ్లి కూర్చోవడం, లేవడం.

రెండుసుడులు:
అక్కర్లేదని ఎవరన్నారు బాబూ. నా పేరు చూడండి. నడినెత్తిన రెండు సుడులు, మెడ వెనక ఇంకోటి. జెల్ పెట్టి అణిచేసిన తలతో వెళ్తే కత్తిరించే ఆయనకి ఒక్క సుడీ కనిపించదు. అక్కడ మరీ పొట్టిగా తీసేస్తే మూడో రోజుకి వెనక పిలక లేచి నిలబడుతుంది, ఇక నెలన్నర టోపీయే. జుట్టు పెరిగేది నెలకి సెంటీమీటరు, ఇంకొంచెం ఎక్కువ, అంతే కదా.

కాబట్టి క్రాపు వాళ్లకి నా మాట: జెల్, వాక్స్ ముందు రోజే కడిగేయండి. జిమ్‌లోంచి చెమటలు కక్కుతూ నేరుగా వెళ్లి కూర్చోకండి, తడి మెడ మీద మెషీన్ సరిగ్గా నడవదు, కత్తిరించిన ముక్కలన్నీ మెడకి అంటుకుని మీకే దురద. గడ్డం కూడా ట్రిమ్ చేయించేట్టయితే కొన్నాళ్లు దాని జోలికి పోకుండా పెరగనిచ్చి వెళ్లండి, ఇంట్లో సగం గీకేసి వెళ్తే వాళ్లు గీత ఎక్కడ పెట్టాలి?

మెషీన్ నంబర్, అంటే దానికి తగిలించే దువ్వెన మీది అంకె, గుర్తుపెట్టుకోండి. 1 అంటే మిగిలే జుట్టు దాదాపు 3 మిల్లీమీటర్లు, 2 అంటే 6, 3 అంటే 10 దగ్గర, 4 అంటే 13 దగ్గర. "పోయినసారి లాగే" అంటే ఆయనకి పోయినసారి ఏం గుర్తుంటుంది? పక్కల 2, పైన కత్తెరతో, అని చెప్తే అరక్షణంలో అర్థమవుతుంది. బాగా కుదిరిన రోజు ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఫోటోలు తీయించుకుంటే ఇంకా మంచిది. వెనక నుంచి తప్పనిసరి, అక్కడ ఏముందో మనకెప్పుడూ తెలీదు.

నీలిమేఘం:
అమ్మో, ఇన్ని ఉన్నాయా. ఫోటో మాటెత్తారు కాబట్టి అడుగుతున్నా, నెట్‌లో దొరికిన ఫోటోలు చూపిస్తే వాళ్లు నవ్వుకుంటారా? నా దగ్గర ఓ పది దాచుకున్నవి ఉన్నాయి.

కత్తెరమేళం:
నవ్వుకోం, ఫోటో లేకపోతేనే మాకు కష్టం. "కొంచెం", "మరీ పొట్టి కాదు", "లేయర్లు లాగా" ఇవన్నీ ఒక్కొక్కరి నోట ఒక్కో అర్థం. కానీ పది కాదు, రెండో మూడో. మీ జుట్టులాంటి జుట్టున్న మనిషి ఫోటో వెతకండి. అలల జుట్టువాళ్లు జారిపోయే స్ట్రెయిట్ జుట్టు ఫోటో తెస్తే అది కటింగ్‌తో వచ్చేది కాదు, రోజూ స్ట్రెయిటెనింగ్ మెషీన్ పెట్టి చేసుకుంటే వచ్చేది. వద్దనుకునేది ఒక ఫోటో ఉంటే ఇంకా మేలు. "ఇలా మాత్రం చేయొద్దు" అన్నది నాకు ఎప్పుడూ ఎక్కువ పనికొస్తుంది.

పొడుగు చెప్పేటప్పుడు అంగుళాలు కాదు, ఒంటి మీద చూపించండి. గడ్డం దగ్గర, భుజం ఎముక మీద, దానికి రెండు వేళ్ల కింద, ఇలా. జుట్టు పొడిగా, వదిలేసి ఉన్నప్పుడు చూపించాలి, కేప్ కప్పాక కాదు. రోజూ పొద్దున తలకి ఎంత టైం ఇవ్వగలరో కూడా దాచకుండా చెప్పేయండి. ఐదు నిమిషాలే అంటే ఐదు నిమిషాల్లో అయ్యే కటింగ్ ఉంటుంది. రోజూ బ్లో డ్రై చేసుకుంటాను అని గొప్పకి చెప్పేవాళ్లు చాలామంది, ఆ కటింగ్ వాళ్లని నెల రోజులు ఏడిపిస్తుంది.

ఇద్దరుపిల్లలతల్లి:
పిల్లల్ని తీసుకెళ్లేవాళ్ల కోసం ఒక మాట, ఎవరూ బయటికి చెప్పరు కాబట్టి నేనే చెప్తున్నా. ముందు రోజు పేలు చూడండి. తల తడిపి కండిషనర్ బాగా రాసి పేల దువ్వెనతో కుదుళ్ల నుంచి కొసదాకా లాగి, ప్రతిసారీ తెల్ల గుడ్డ మీద తుడిచి చూస్తే తెలిసిపోతుంది. చెవుల వెనక, మెడ మీద ముఖ్యంగా. చుండ్రు అయితే వేలితో తడితే రాలుతుంది, ఈపి (పేను గుడ్డు) అయితే వెంట్రుకకి అంటుకుని గోటితో లాగినా జారదు. ఉన్నాయని తేలితే కటింగ్ వాయిదా వేసి మందు వాడండి, మందు మీద రాసినట్టు రెండోసారి కూడా. పేలు మాసిన తలకే వస్తాయన్నది ఉత్త మాట, శుభ్రమైన తలకీ వస్తాయి, కాబట్టి సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ తెలిసి తీసుకెళ్లకూడదు.

చిన్నపిల్లలైతే నిద్ర వేళకి, ఆకలి వేళకి వద్దు. చిక్కు ఇంట్లోనే తీసి తీసుకెళ్లండి. కుర్చీలో కూర్చోగానే దువ్వెన లాగి నొప్పి పెడితే ఇక ఆ కుర్చీ అంటేనే ఏడుపు.

తెల్లగీతలు:
నాదొక కడుపుమంట. ఒకచోటికి ఆఫీసు అయ్యాక నేరుగా వెళ్లాను, తల మాసి ఉన్నమాట నిజమే. అక్కడ అమ్మాయి పదిమందిలో "ఇంత జిడ్డేంటి మేడం, చుండ్రు కూడా ఉంది, ఈ ట్రీట్‌మెంట్ చేయించుకోవాలి" అని మొదలుపెట్టి, కడిగేదాకా, కత్తిరించేదాకా, డబ్బులు కట్టేదాకా అదే పాట. తల శుభ్రంగా లేదంటే వాళ్లకి అమ్ముకునే అవకాశం ఇచ్చినట్టే. అప్పట్నుంచి నేను కడుక్కునే వెళ్తున్నా, వాళ్ల నోరు మూయించడానికి.

కత్తెరమేళం:
అది ఆ సెలూన్ తప్పు, మీ తలది కాదు. మీరు మళ్లీ అక్కడికి వెళ్లకపోవడమే సరైనది. అలా గట్టిగా అనడం ఏ శిక్షణలోనూ నేర్పరు, అమ్మకాల టార్గెట్ పెట్టినచోట నేర్చుకుంటారు.

అయితే మాడు మీద నిజంగా ఏదైనా ఉంటే మీరే ముందు చెప్పేయండి. సోరియాసిస్ అయితే అంటదు, కానీ దువ్వెన పళ్లు తగిలి మచ్చ రేగుతుంది, చెప్తే మేం అక్కడ మెల్లగా చేస్తాం. తామర (ఫంగస్ వల్ల వచ్చే రింగ్‌వర్మ్) అయితే అంటుకుంటుంది, డాక్టర్‌కి చూపించి తగ్గాక రావాలి. కుట్లు, పుండ్లు, ఈమధ్య జరిగిన ఆపరేషన్, ఏదున్నా సరే చెప్పండి.

పలచనితల:
నేనడగాలనుకున్నది ఇదే. నాకు నడినెత్తిన పలచబడింది, రోజూ హెయిర్ ఫైబర్ పొడి చల్లుకుని బయటికి వెళ్తాను. అది లేకుండా సెలూన్‌లో కూర్చోవాలంటే మనసొప్పట్లేదు. పెట్టుకునే వెళ్తే ఏమవుతుంది?

రెండుసుడులు:
నీళ్లు స్ప్రే చేయగానే బండారం బయటపడుతుంది అన్నా, దువ్వెన అంతా నల్ల పొడి. కడిగేసి వెళ్లు. తెలిసినవాడు, కాస్త మర్యాద ఉన్నవాడు ఒకడిని పట్టుకుని రద్దీ లేని టైంలో వెళ్లు, పని రోజుల్లో మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటాయి.

కత్తెరమేళం:
పలచబడిన చోటు కనిపిస్తేనే దానికి తగ్గట్టు కత్తిరించగలం. సాధారణంగా పక్కలు పొట్టిగా తీస్తే పైది నిండుగా అనిపిస్తుంది. పొడి చల్లిన తల చూసి అక్కడ జుట్టుందనుకుని పలచన చేసే కత్తెర వేశామంటే పోయింది. మాకు ఇలాంటివి రోజూ కనిపించేవే, మీరనుకున్నంత వింతగా ఎవరూ చూడరు. క్లిప్పులు, ఎక్స్‌టెన్షన్లు పెట్టుకునే వాళ్లకీ ఇదే, ఇంట్లోనే తీసేసి రండి.

ఇంకోటి, కటింగ్ చేయిస్తే జుట్టు ఒత్తుగా, వేగంగా పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు. పెరిగేది కుదురులో, కత్తెర తగిలేది కొసకి. కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి ఒత్తుగా అనిపిస్తుందంతే.

గోరింటపొద్దు:
కటింగ్‌తో పాటు రంగు కూడా వేయించుకుందామనుకుంటున్నాను. దానికి ముందు కూడా తలస్నానం చేయాలా?

పుస్తకంపురుగు:
రంగుకి లెక్క వేరు. అదే రోజు మాడు రుద్ది రుద్ది కడుక్కుని వెళ్తే రంగు మందు మంట పెడుతుంది, సహజంగా ఊరే జిడ్డు కాస్త అడ్డుగా ఉండటం మంచిది. ముందు రోజు కడుక్కుంటే సరి. మాడు గోకొద్దు. ముఖ్యమైంది అలర్జీ పరీక్ష. రంగు వేయడానికి 48 గంటల ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో కొంచెం రాసి చూడాలి. చాలా నల్ల, ముదురు రంగుల్లో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, అది పడనివాళ్లకి ముఖమంతా వాచిపోయే ప్రమాదముంది. పోయినసారి పడింది కదా అని వదిలేయొద్దు, అలర్జీ ఎప్పుడైనా మొదలవ్వచ్చు.

ఇంతకుముందు హెన్నా పెట్టుకున్నారా? పెట్టుకుంటే చెప్పి తీరాలి. ఉత్త ఆకు పొడి అయితే అంత భయం లేదు గానీ, ప్యాకెట్లలో కొన్నింట్లో లోహ లవణాలు కలుపుతారు. వాటి మీద బ్లీచ్‌లోని పెరాక్సైడ్ పడితే వేడెక్కి జుట్టు తెగిపోవచ్చు. ముందు ఒక చిన్న పాయ మీద పరీక్షించమనండి.

పొడవు బాగా తగ్గించేట్టయితే ముందు కటింగ్, తర్వాత రంగు. పారేసే జుట్టుకి రంగెందుకు?

నీలిమేఘం:
నాకు మెడ నొప్పి ఉంది, ఆ సింకు మీద తల వెనక్కి వాల్చడం అంటేనే భయం. కడిగించుకోకుండా ఉండొచ్చా?

పుస్తకంపురుగు:
కడగొద్దని తప్పకుండా చెప్పొచ్చు. 1993లో వైన్‌ట్రాబ్ అనే అమెరికన్ న్యూరాలజిస్ట్, సెలూన్‌లో తల కడిగించుకున్నాక నరాల ఇబ్బందులు వచ్చిన ఐదుగురు మహిళల గురించి వైద్య పత్రికలో రాశాడు, "బ్యూటీ పార్లర్ స్ట్రోక్" అనే మాట అక్కడి నుంచే వచ్చింది. మెడ మరీ వెనక్కి వంగితే మెదడుకి వెళ్లే రక్తనాళం నొక్కుకుపోవడమో చిరగడమో జరగొచ్చు. చాలా అరుదు, బెదిరిపోకండి. కానీ మెడ కింద మడత పెట్టిన తువ్వాలు వేయమనండి, కళ్లు తిరిగినట్టుంటే వెంటనే లేవండి. మీకు ఇప్పటికే నొప్పి ఉంది కాబట్టి ఇంట్లో కడుక్కుని వెళ్లి, స్ప్రేతో తడపమంటే సరిపోతుంది.

ఉంగరాలరాణి:
నడుము నుంచి భుజాల దాకా అంటే చాలా జుట్టే తెగుతుంది, దానం ఇచ్చే ఉద్దేశం ఏమైనా ఉందా? ఉంటే ఇప్పుడే కనుక్కోండి, కత్తిరించాక లాభం లేదు. విగ్గులు చేసే సంస్థలు ఒక్కొక్కటి ఒక్కో పొడవు అడుగుతాయి, 8 అంగుళాలు, 10, 12 ఇలా. రంగు వేసిన జుట్టు కొందరు తీసుకోరు. కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, కుదుళ్లలో కూడా తడి ఉండకూడదు, తడిగా కట్టి పంపితే బూజు పడుతుంది. జడలుగానో పోనీటెయిల్‌గానో రెండు చివర్లా బిగించి కట్టి, పై కట్టుకి కొంచెం పైన కత్తిరించమనాలి. నేల మీద పడింది ఏరి ఇవ్వడానికి కుదరదు.

నీలిమేఘం:
ఇది నాకు తట్టనేలేదు! రంగు ఎప్పుడూ వేయలేదు, పొడవు కూడా సరిపోతుంది. రేపే కనుక్కుంటా. మరి అలా కట్టి కత్తిరిస్తే మిగిలిన జుట్టు ఎగుడుదిగుడుగా ఉండదా?

కత్తెరమేళం:
ఉంటుంది, అందుకే ముందే చెప్పాలి. ఒక్క పోనీటెయిల్ కట్టి కోస్తే వెనక వైపు బాగా పొట్టిగా, ముందు పొడుగ్గా వస్తుంది. నాలుగు పాయలుగా విడగొట్టి కడితే మీకూ పొడవు మిగులుతుంది, వాళ్లకీ ఎక్కువ వెళ్తుంది. మీరు ఆగాలనుకున్న గీతకి రెండు వేళ్ల కింద కట్టమనండి, సరిచేయడానికి ఆ మాత్రం కావాలి. అపాయింట్‌మెంట్ కూడా అరగంట పెంచమని ఫోన్ చేయండి.

రాత్రిడ్యూటీ:
బట్టల సంగతి ఎవరూ చెప్పలేదు. కాలర్ లేని చొక్కా వేసుకోండి. హుడీ వేసుకుని వెళ్తే ఆ టోపీలో సగం జుట్టు ఇంటికి మోసుకొస్తారు. ఈ మాత్రం నాకూ తెలుసు.

తెల్లగీతలు:
చెవి కమ్మలు కూడా, ముఖ్యంగా వేలాడేవి, దువ్వెనకి చిక్కుకుంటాయి. కళ్లజోడు ఉన్నవాళ్లు తీసుకెళ్లడం మర్చిపోకండి. కటింగ్ జరుగుతున్నంతసేపూ తీసేసి కూర్చుంటాం, అద్దంలో అంతా మసక మసక. ముందు జుట్టు కత్తిరించే ముందు ఒకసారి ఆపి, జోడు పెట్టుకుని చూసుకోవాలి, ఫ్రేమ్ మీద పడేలా ఉంటే రోజంతా చిరాకు.

నీలిమేఘం:
జోడు ఉంది నాకు, కాంటాక్ట్ లెన్స్ కూడా ఉంది. లెన్స్ పెట్టుకుని వెళ్లనా?

కత్తెరమేళం:
రోజూ ఎక్కువ జోడే పెట్టుకుంటే జోడుతోనే రండి. చెవుల దగ్గర కాడ ఎక్కడ ఆనుతుందో చూసి పక్క జుట్టు తీస్తాను నేనైతే.